కారుతున్న శ్లాబు, కరుగుతున్న పింఛను: పెదవాల్తేరు ఇంటి మరమ్మతు కేస్ స్టడీ

2024 ఏప్రిల్ చివరి వారంలో పొద్దున్నే ఫోన్ వచ్చింది. “బాబూ, రాత్రి పడకగదిలో పైనుంచి పెద్ద పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఉక్కగా ఉందని నేను హాల్లో చాప వేసుకుని పడుకున్నాను, లేకపోతే ఏమయ్యేదో. నువ్వొచ్చి లోపల ప్లాస్టరింగ్ చేయించి రంగు వేయించేస్తే చాలు. ఎంతవుతుందో చెప్పు.”

విశాఖలో పాత ఇళ్ళ మరమ్మతులు చేయబట్టి 19 ఏళ్ళు. ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడల్లా ఆఖరి మాట ఇదే. ప్లాస్టరింగు, రంగు, ఎంతవుతుంది. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకి కళ్ళెదురుగా కనిపించేది ఆ మచ్చే. కానీ పైన నీళ్ళు ఆగకుండా కింద మచ్చ మీద పెట్టే డబ్బు గోదాట్లో పోసినట్టే. ఈ ఇంటి సంగతి రాయాలని కూర్చున్నది అందుకే. ఇందులో నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయన్న ప్రశ్న, డబ్బు ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్న ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఇంటావిడ అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు.

ఇల్లు పెదవాల్తేరులో, సముద్రానికి కిలోమీటరు లోపే. 1993లో కట్టారు. ఒకే అంతస్తు డాబా, శ్లాబు 38 అడుగులు పొడవు, 30 అడుగులు వెడల్పు, అంటే 1,140 చదరపు అడుగులు. కట్టించిన మాస్టారు, ఆవిడ భర్త, పోయి ఆరేళ్ళయింది. ఆవిడకి 67 ఏళ్ళు, ఒక్కరే ఉంటారు. కొడుకు బెంగళూరులో, అమ్మాయి విజయనగరంలో. ఫ్యామిలీ పింఛను నెలకి 24,600. అంతకుముందు రెండేళ్ళ క్రితం డాబా మీద వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించారు, 38,000 అయింది. ఐదేళ్ళ గ్యారంటీ అన్నారట. మొదటి వానాకాలానికే మళ్ళీ కారింది. గ్యారంటీ కాగితం చూపించమంటే, రంగు డబ్బా మీద అచ్చేసిన మాటే గ్యారంటీ అనుకున్నానన్నారు. ఆ డబ్బా గ్యారంటీ లోపలి సరుకుకి. కింద ఉన్న పాత గచ్చుకీ, దాన్ని శుభ్రం చేయకుండా పూసిన చేతికీ అది వర్తించదు.

నీళ్ళని వెతకడం

మొదట చేసిన పని సుత్తి వెనక కర్రతో సీలింగంతా కొట్టి చూడటం. గట్టిగా ఉన్నచోట మోత బిగువుగా వస్తుంది. లోపల విడిపోయినచోట డొల్లగా, డబడబమని పలుకుతుంది. మా మేస్త్రి కొడుతుంటే నేను సుద్దముక్కతో గీస్తూ పోయాను. పడకగదిలో దాదాపు 140 చదరపు అడుగులు డొల్ల. హాల్లో అక్కడక్కడా కలిపి ఇంకో 60. గీతలు పూర్తయ్యేసరికి ఆవిడ తలుపు దగ్గర నిలబడి, “ఇంత ఉందా బాబూ” అన్నారు. ఆ గదిలో ఇక పడుకోవద్దని చెప్పి, ఊగుతున్న పెచ్చులు అప్పుడే దింపేసి, ఆ సాయంత్రమే ఆరు జాకీలు తెప్పించి శ్లాబు కింద నిలబెట్టాం. ఎస్టిమేటు, బేరం అన్నీ తర్వాత. లోపలి ఇనుప ఊచలు బయటపడ్డ శ్లాబు కింద మనిషి తిరుగుతున్నప్పుడు జాకీ పెట్టకుండా ఇంటికి పోకూడదు.

హాల్లో ఈశాన్యం మూల ఒక మచ్చ నా కంట పడింది. ఏప్రిల్ నెల, వాన చుక్క లేదు, అయినా ఆ మచ్చ తడిగా ఉంది. ముట్టుకుంటే వేలికి చెమ్మ అంటింది. వాన లేకుండా తడి ఉందంటే అది వాన నీళ్ళు కావు. సరిగ్గా ఆ మూల పైన సింటెక్స్ ట్యాంకు ఉంది. అప్పటికప్పుడు ట్యాంకు ఖాళీ చేయించి, నాలుగు రోజులు కింద పంపు దగ్గరే నీళ్ళు పట్టుకోమన్నాను. రెండో రోజుకి మచ్చ అంచులు తెల్లబడ్డాయి, నాలుగో రోజుకి పొడిబారింది. ట్యాంకు కింద గొట్టం జాయింటు సన్నగా కారుతోంది. ఆ నీళ్ళు పైన ఎక్కడా కనిపించవు, నేరుగా పలకల కిందికి పోతున్నాయి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. రెండేళ్ళ క్రితం ఎవరైనా చేసి ఉంటే ఆ మూల పెయింటు అవసరమే ఉండేది కాదు.

పడకగది సంగతి వేరు. అక్కడ సీలింగు పొడిగా ఉన్నట్టే కనిపించింది. రెండడుగుల పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపు అంటించి రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే కాగితం లోపలి వైపు మంచు పట్టినట్టు సన్నటి బిందువులు. ఎండాకాలంలో కూడా శ్లాబు లోపల తడి ఉంది. ఆ తడి పైకి ఆరలేదు, ఎందుకంటే పైన పెయింటు దానికి మూత వేసింది. కిందికే ఆరాలి. కిందికి ఆరే దారిలో ఊచలున్నాయి.

డాబా మీదికెక్కితే మిగతా కథంతా అక్కడే ఉంది. అసలు శ్లాబు మీద సిమెంటు, ఇటుక ముక్కలతో వేసిన కోబా, దాని మీద ఎర్ర పలకలు, పలకల మీద తెల్ల పెయింటు. పాతకాలం గచ్చుల్లో సున్నం, ఇటుక ముక్కలు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచేవారు. అలాంటి గచ్చు బాగా కుదిరితే తరాలు నిలుస్తుంది. ఇక్కడిది ఆ కోవలోది కాదు. పలకల మధ్య సందులు విచ్చుకుని, కింద కోబా స్పంజిలాగా నీళ్ళు పట్టుకుని కూర్చుంది. నీళ్ళ లెవెల్ ట్యూబు పట్టి చూస్తే డాబా నడిమధ్య తూముకన్నా 22 మిల్లీమీటర్లు పల్లంలో ఉంది. అంటే వాన వెలిసినా మధ్యలో నీళ్ళు నిలిచే ఉంటాయి. నీటి వాటం నూటికి ఒకటి అయినా ఉండాలి. వంద అంగుళాల దూరానికి ఒక అంగుళం దిగాలన్నమాట.

తూర్పు వైపు పిట్టగోడ దగ్గర ఒకచోట ప్లాస్టరింగు రంగు తేడాగా కనిపించింది. అడిగితే చెప్పారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గాలికి లేచి పోయి పిట్టగోడకి కొట్టుకుందట. గోడ కదిలింది. మర్నాడు దొరికిన మేస్త్రితో పైపైన మెత్తించేశారు. ఆ తుపాను తర్వాత ఊళ్ళో మేస్త్రులు దొరకడమే కష్టంగా ఉండేది, ఆవిణ్ణి అనడానికి లేదు. పైపూత గీకి చూస్తే పిట్టగోడా శ్లాబూ కలిసే చోట పదిన్నర అడుగుల పొడవున చిటికెన వేలి గోరు దూరేంత బీట. పదేళ్ళుగా వాన నీళ్ళు అందులోంచి దిగి, పడకగది వైపు వాలుతూ వచ్చాయి. మచ్చ ఉన్నచోట నీళ్ళు దిగకపోవచ్చని మా పిల్ల ఇంజనీర్లకి చెబుతూనే ఉంటాను. ఇక్కడ బీటకీ పెచ్చు ఊడినచోటికీ మధ్య దూరం తొమ్మిదడుగులు.

ఊచల పరిస్థితి

పెచ్చు ఊడినచోట ఊచ మీద కవరింగు, అంటే ఊచని కప్పి ఉండే కాంక్రీటు మందం, కొలిస్తే 12 మిల్లీమీటర్లు. కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం సముద్రతీర వాతావరణానికి బయటపడే కాంక్రీటుకి 45 మిల్లీమీటర్ల కవరింగు కావాలి. ఇంటి లోపలి సీలింగుకి అంత ఉండకపోయినా, 12 మరీ తక్కువ. ఇది కట్టిన రోజే జరిగిన లోపం. సెంట్రింగు పలకల మీద ఊచలు పరిచి, కింద వాటిని ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా కాంక్రీటు పోసేస్తే ఊచలు ఆ సెంట్రింగుకే అంటుకుపోతాయి.

కొంచెం లోతుగా తవ్వి, అప్పుడే విరిచిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాం. ఇది చూడటానికి ఆవిణ్ణి కూడా పిలిచాను, ఎందుకంటే ఏ పనికి ఎందుకు డబ్బు పెడుతున్నారో వాళ్ళకి కంటితో కనపడాలి. సీసాలో నీళ్ళలా ఉండే ద్రవం. కాంక్రీటు లోపలి భాగం మీద పడగానే ముదురు గులాబీ రంగు విచ్చుకుంది. కింది అంచు నుంచి దాదాపు 25 మిల్లీమీటర్ల మేర మాత్రం రంగు రాలేదు, బూడిద రంగులోనే ఉండిపోయింది. గులాబీ వచ్చినచోట కాంక్రీటుకి ఇంకా క్షారగుణం ఉంది, అది ఊచని తుప్పు నుంచి కాపాడుతుంది. రంగు రానిచోట గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ గుణాన్ని తినేసింది. ఊచ ఉన్నది 12 మిల్లీమీటర్ల దగ్గర. అంటే దానికి కాపలా ఎప్పుడో పోయింది. ఉప్పు సంగతి ఈ పరీక్షకి తెలియదు, దానికి కాంక్రీటు పొడి ల్యాబుకి పంపాలి. సముద్రం పక్కన ఉప్పు ఉంటుందనే లెక్కలో పెట్టుకుని పని చేశాం.

ఇనుము తుప్పు పడితే లావెక్కుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడుతుంది. పెచ్చు బరువుకి ఊడిందనుకుని సిమెంటు మాలు మెత్తేస్తే, వెనక ఊచ లావెక్కుతూనే ఉంటుంది, కొత్త మాలు కూడా రెండు మూడేళ్ళలో నేల మీదికి వస్తుంది. 8 మిల్లీమీటర్ల ఊచలు వైర్ బ్రష్‌తో రుద్ది కొలిస్తే కొన్నిచోట్ల ఆరున్నరకి దిగాయి. వ్యాసంలో ఒకటిన్నర మిల్లీమీటరే తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ బరువు మోసే విస్తీర్ణం చూస్తే మూడో వంతు పోయింది.

డబ్బు లెక్క

నా ఎస్టిమేటు కాగితం మీద పనులన్నీ రెండు గుంపులుగా రాశాను. ఒకటి ఆగనివి, రెండు ఆగగలిగేవి. ట్యాంకు గొట్టాలు మార్చి, స్టాండుని శ్లాబు మీద నుంచి గోడ మీదికి జరపడం 9,500. పలకలు, కోబా తవ్వి తీసి తరలించడం 25,000. బీటలు, తూములు, పిట్టగోడ మూలలు 14,000. శ్లాబుకీ, పిట్టగోడ మీద ఒక అడుగు ఎత్తుకీ సిమెంటు ఆధారిత కోటింగు, 1,276 చదరపు అడుగులు, 61,250. దాని మీద వాటంతో కాంక్రీటు పొర 59,300. ఇవన్నీ కలిపి 1,69,050. వానలకి ముందే అయిపోవాలి. పడకగది సీలింగు రిపేరు 58,800, హాల్లో ప్లాస్టరింగు 6,600, మొత్తం 65,400. ఇది జాకీల మీద ఆగగలదు. ఆగడమే కాదు, ఆగాలి కూడా. శ్లాబులో తడి ఆరకముందు కింద మాలు కొడితే పట్టదు. రంగులు 45,000 అవుతాయని విడిగా రాసి, పక్కన “ఇప్పుడు వద్దు” అని రాశాను. అన్ని రేట్లూ జీఎస్టీ కలిపే. బిల్లు లేకుండా చేస్తే 18 శాతం మిగులుతుంది కదా అని చాలామంది అడుగుతారు. బిల్లు లేని పనికి రేపు కారితే ఎవర్ని అడుగుతారు?

ఆవిడ కాగితం మడిచి, “నాకు తెలిసినాయన ఉన్నాడు, మూడు రూపాయల వడ్డీకి ఇస్తాడు. పిల్లలకి చెప్పకు బాబూ. వాళ్ళ ఈఎంఐలు వాళ్ళకున్నాయి” అన్నారు.

అప్పుల వ్యవహారం నా పని కాదు. కానీ మూడు రూపాయల వడ్డీ మీద పెట్టిన వాటర్‌ప్రూఫింగు సగంలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. కోబా తవ్వేశాక డబ్బు అయిపోతే, ఇల్లు ముందుకన్నా ఘోరంగా కారుతుంది. అందుకే ఆ కాగితం వెనకే లెక్క వేశాను. ఆవిడ ఎఫ్‌డీ మీద 50,000 సర్దినా ఇంకా 1,20,000 కావాలి. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 3,600, ఏడాదికి 36 శాతం. మూడేళ్ళు కడితే 1,29,600 వడ్డీయే పోతుంది, అసలు 1,20,000 అలాగే ఉంటుంది. అదే మొత్తం 11 శాతానికి బ్యాంకులో మూడేళ్ళకి తీసుకుంటే నెలకి 3,929. నెలకి 329 ఎక్కువ కడితే 36 నెలల్లో అప్పే తీరిపోతుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే ఆవిడ చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. మాస్టారు ఉండి ఉంటే ఈ లెక్క ఆయనే వేసేవారు అన్నారు.

ఎక్కడ తెస్తే ఏమవుతుందో కూర్చుని మాట్లాడుకున్నాం. పింఛను పడే బ్యాంకులోనే పింఛనుదార్లకి లోను ఇస్తారు, ఫ్యామిలీ పింఛను వాళ్ళకీ ఉంది, కిస్తీ పింఛనులోంచే కట్ అవుతుంది. ఆ 1,20,000 అక్కడే. ఆవిడ పేరు మీద 70,000 ఎఫ్‌డీ ఉంది, ఏడు నెలల్లో తీరుతుంది. తీసేద్దామన్నారు. తీయకుండా దాని మీదే లోను తీసుకోమన్నాను. ముందే తీస్తే వడ్డీ కోత పడుతుంది, దాని మీద లోనైతే ఎఫ్‌డీ వడ్డీకన్నా ఒక శాతం అటూఇటుగా ఎక్కువ కట్టాలి, అంతే. అందులోంచి 50,000. మిగతా 20,000 మందులకి, అది ముట్టుకోకూడదని ఇద్దరం అనుకున్నాం. నాలుగు గాజులు బీరువాలో ఉన్నాయి. బంగారం మీద లోను తొందరగా వస్తుంది, వడ్డీ కూడా తక్కువే. కానీ నెలనెలా అసలు తగ్గకుండా ఏడాది చివర ఒకేసారి కట్టాలంటే పింఛను మీద బతికే మనిషికి అది కుదరదు, తిరగరాసుకుంటూ పోతారు. పని మధ్యలో ఏదైనా బయటపడితే అప్పుడు చూద్దాం, గాజులు అక్కడే ఉండనివ్వండి అన్నాను. వీధిలో అందరూ కలిసి వేసే చీటీలో ఆవిడ ఉన్నారు, నెలకి ఐదు వేల చొప్పున లక్ష రూపాయల చీటీ. తొందర మీద పాడుకుంటే తక్కువకి పాడాల్సి వస్తుంది, ఆ కోత వడ్డీ కిందే లెక్క. అది వద్దనుకున్నాం.

పిల్లలకి చెప్పాలా వద్దా అన్నది మాత్రం నేను తేల్చలేదు. శ్లాబు పెచ్చు మంచం మీద పడిందని మాత్రం వాళ్ళకి తెలియాలి, డబ్బు సంగతి తర్వాత అన్నాను. ఆ రాత్రే కొడుకు ఫోన్ చేశాడు. “సార్, లోను నా పేరు మీద తీసుకుంటే పన్నులో కలిసొస్తుంది కదండీ?” అని అడిగాడు. పాత పన్ను పద్ధతిలో, సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు లోను వడ్డీకి ఏడాదికి 30,000 దాకా మినహాయింపు ఉంది. కొత్త పద్ధతిలో సొంతంగా ఉంటున్న ఇంటికి అది లేదు. పైగా మినహాయింపు ఇంటి యజమానికే. ఇల్లు అమ్మగారి పేరు మీద ఉంది, ఆవిడకొచ్చే పింఛనుకి పన్నే లేదు. కాబట్టి ఆ దారి లేదు.

నాకివ్వాల్సింది ఇలా పంచాం. సరుకుకి ముందుగా నాలుగో వంతు, తవ్వకం, బీటల పని అయ్యాక ఇంకో నాలుగో వంతు, నీళ్ళ పరీక్ష నెగ్గి పైపొర పడ్డాక 40 శాతం, మిగతా పదో వంతు, దాదాపు 17,000, మొదటి పెద్ద వాన దాటాక. ఈ చివరి పదో వంతు నేనే అడిగి పెట్టిస్తాను. పని మీద నమ్మకం ఉన్నవాడికి వానొచ్చేదాకా ఆగడం కష్టం కాదు.

పని

మే 13న మొదలుపెట్టాం. పెద్ద బ్రేకరు మిషను వాడనివ్వలేదు. తుప్పు పట్టిన శ్లాబు ఆ అదురుకి తట్టుకోదు. ఉలి, సుత్తితోనే ఐదు రోజులు పట్టింది. నాలుగు ట్రాక్టర్ల శిథిలం దిగింది, నా అంచనాలో 14 టన్నులు. ముప్పై ఏళ్ళుగా ఆ శ్లాబు మోస్తున్న బరువు అది, తడిసినప్పుడు ఇంకా ఎక్కువ. పాత గచ్చు మీదే కొత్త గచ్చు వేసేద్దాం, తవ్వకం ఖర్చు మిగులుతుంది అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. అంగుళం మందం కాంక్రీటు చదరపు అడుగుకి దాదాపు ఐదున్నర కేజీలు. ఈ శ్లాబు మీద ఒక్క అంగుళం పెంచితే ఆరు టన్నులు పెంచినట్టు.

కోబా తీశాక, పాత ట్యాంకు స్టాండు ఉన్నచోట ఆరడుగులు బై నాలుగడుగుల మేర కాంక్రీటు తేనెపట్టులా బొక్కలు బొక్కలుగా బయటపడింది. అప్పట్లో సరిగా కూరలేదు. గ్రౌటు, అంటే పల్చటి సిమెంటు మిశ్రమం, ఎక్కించాలి, 11,000 అదనం. ఎస్టిమేటులో లేనిది. ముందే చెప్పాను, తవ్వేదాకా తెలియని ఖర్చు పాత ఇంట్లో ఒకటి ఉంటుందని. అయినా చెప్పేటప్పుడు ఇబ్బందిగానే ఉంటుంది. అమ్మాయి విజయనగరం నుంచి బస్సెక్కి వచ్చి, డాబా ఎక్కి ఆ బొక్కలు చూసి, పదకొండు వేలూ చేతిలో పెట్టి వెళ్ళింది. గాజులు బీరువాలోనే ఉన్నాయి.

హుద్‌హుద్ బీటని వీ ఆకారంలో వెడల్పు చేసి పాలిమర్ మాలుతో నింపాం. పిట్టగోడా శ్లాబూ కలిసే మూల అంతా గుండ్రంగా వంపు తిప్పాం. నిలువు మూలలో కోటింగు ఎప్పుడూ మడత దగ్గర చిట్లుతుంది. ఇటుక గోడకీ కాంక్రీటుకీ ఎండకి వ్యాకోచించే తీరు వేరు కాబట్టి ఆ కీలు కదులుతూనే ఉంటుంది. అందుకే వంపు మీద ఫైబరు మెష్ పరిచి రెండు పూతల మధ్య కూర్చాం. మొదటి పూత ఉత్తర దక్షిణాలుగా, రెండోది తూర్పు పడమరలుగా.

కోటింగు ఐదు రోజులు ఆరాక నీళ్ళ పరీక్ష. తూములు మూసి, కింద జాకీలు ఉన్నాయి కాబట్టి ధైర్యంగా, అయినా సరే 25 మిల్లీమీటర్లకి మించకుండా నీళ్ళు కట్టాం. 48 గంటలు. మే నెల ఎండలో నీళ్ళు ఆవిరై కూడా తగ్గుతాయి, అందుకని డాబా మీదే ఒక ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్ళు పోసి, అంచు మీద పెన్సిలుతో గీత పెట్టాం. పిట్టగోడ మీద కూడా ఒక గీత. మర్నాడు అదే వేళకి బేసిన్‌లో 6 మిల్లీమీటర్లు దిగింది. శ్లాబు మీద 11 దిగింది. ఆ ఐదు మిల్లీమీటర్లు ఎటో పోయాయి.

వెతికితే దక్షిణం వైపు తూము దగ్గర. మా కుర్రాళ్ళు గొట్టం చుట్టూ కోటింగుని లోపలికి మడిచి దించకుండా అంచు దగ్గరే ఆపేశారు. నేను దగ్గరుండి చూడాల్సింది, ఆ పూట ఇంకో సైటులో ఉన్నాను. తూము మళ్ళీ తీసి, గొట్టం లోపలికి నాలుగంగుళాలు కోటింగు దింపి, మూడు రోజులు ఆరబెట్టి, మళ్ళీ నీళ్ళు కట్టాం. ఆ ఖర్చు నాదే. రెండోసారి బేసినూ శ్లాబూ సమానంగా దిగాయి. ఆవిడే స్కేలు పట్టుకుని కొలిచారు. కింద పడకగదిలో పాలిథిన్ కూడా పొడిగా ఉంది.

ఆ తర్వాత వాటం పొర. మధ్యలో 70 మిల్లీమీటర్లు, తూముల దగ్గర 25. తీసిన 14 టన్నుల స్థానంలో 12 టన్నుల లోపే పడింది. పదడుగుల గళ్ళుగా కోసి, ఆ కోతల్లో సీలెంటు నింపాం, లేకపోతే ఎండకి పొర తనంతట తానే బీటలిచ్చుకుంటుంది. వారం రోజులు నీళ్ళు కట్టి, జూన్ రెండో వారానికి పూర్తి చేశాం.

వాన

జూన్, జూలై వానలు దాటాయి. ఆగస్టు 31 నుంచి వాయుగుండం వానలు పట్టుకున్నాయి. విజయవాడని బుడమేరు ముంచేసిన రోజులవి, ఇక్కడ విశాఖలోనూ ఆగకుండా కురిసింది. సెప్టెంబరు 2 పొద్దున్నే నేను ఫోన్ చేయకముందే ఆవిడ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పడకగది సీలింగు, ఊచలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి, ఎక్కడా చుక్క లేదు. తూముల్లోంచి నీళ్ళు లావుగా పడుతున్న వీడియో ఇంకొకటి. వారం ఆగి వెళ్ళి, డాబా ఎక్కి చూసుకుని, ఆ మిగిలిన 17,000 తీసుకున్నాను.

జనవరిలో సంక్రాంతికి కొడుకు వచ్చాడు. అప్పటికి ఎఫ్‌డీ తీరి దాని మీద లోను కూడా పోయింది. మిగిలిన 20,000 మళ్ళీ ఎఫ్‌డీ వేశారు. సీలింగు పనికి కొడుకు 40,000 ఇచ్చాడు, 25,400 ఆవిడ ఏడు నెలల్లో కూడబెట్టారు. పండగ వెళ్ళాక పని మొదలుపెట్టాం. ఊచ చుట్టూ, దాని వెనక వేలు పట్టేంత కాంక్రీటు తీసి, ఊచలు మెరిసేదాకా రుద్ది, జింకు ప్రైమరు పూసి, మూడో వంతు అరిగినచోట పక్కన కొత్త 8 మిల్లీమీటర్ల ఊచలు కట్టాం. ఒక్కొక్కటీ రెండు వైపులా 16 అంగుళాలు పాత మంచి ఊచ మీదికి ఎక్కేలా. పాలిమర్ మాలు ఒక్కసారే మందంగా కొట్టకుండా పొరలు పొరలుగా. చివరి పొర గట్టిపడ్డాక వారానికి జాకీలు తీశాం. తీసేటప్పుడు ఆవిడ గదిలోకి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడి చూశారు. ఆరో జాకీ కూడా కదిలాక లోపలికి వచ్చి మంచం దాని చోటికి జరిపించారు.

రంగులు ఇంకా వేయలేదు. హాల్లో ప్లాస్టరింగు ముక్కలు బూడిద రంగులోనే ఉన్నాయి. పింఛను లోను 2027 మేతో తీరుతుంది. పడమటి వైపు సన్‌షేడు మీద ఒక సన్నటి బీట ఉంది, దాన్ని పోయిన నెల కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. ఈ వానాకాలం అయ్యాక మళ్ళీ కొలుస్తాం. పెరిగితేనే చేతులు పెడతాం.